బావకు చెబుదామని చేసిన ఫోన్

మా శైలజ పని సక్సెస్ అయింది.

నిన్న పొద్దున్నే ల్యాబ్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. జీన్ థెరపీ మందు కోతి మెదడులో సరిగ్గా అనుకున్న చోటికే చేరిందట. సన్నని గొట్టంతో మందు పంపుతూ, అది ఎటు పోతోందో ఎంఆర్ఐలో చూసుకుంటూ నడిపించారట.

నా కూతురు. నాచారం గల్లీల్లో పెరిగిన పిల్ల.

సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంటూనే బావకు ఫోన్ కొట్టాను.

అక్క ఎత్తింది.

"తమ్మీ, మీ బావ పోయిండురా. ఛాయ్ ఇద్దామని లేపితే లేస్తలేడు."

ఉన్నపళంగా అక్క ఇంటికి బయల్దేరాను.

మా బావ సత్తయ్య ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పనిచేసి రిటైర్ అయ్యాడు. తర్వాత పార్కిన్సన్స్ వచ్చింది. ఛాయ్ కప్పు కూడా చేతిలో నిలిచేది కాదు. శైలజ వాళ్లు ఆ జబ్బుకే మందు వెతుకుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస.

ఒకరోజు తనంతట తానే ఉప్పల్‌లో ఎంఆర్ఐ తీయించుకుని, అక్కను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఫిలిం ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి శైలజను పిలిచాడు.

"కోడలా, నా మెదడు నక్ష తెచ్చిన. మందు యాడ పొయ్యాల్నో నిమ్మలంగ సూస్కో."

"మామా, మనుషులకు ఇంకా ఇస్తలేరు. ఇప్పుడైతే కోతులకే," అంది శైలజ.

"కోతి అయినంక నాకియ్యి బిడ్డా. మీ అత్తనడుగు, ఇద్దరికి ఫరక్ లేదంటది."

"కోతి జర చెప్పినట్టు ఇంటది," అంది అక్క.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"గిన్నేండ్లకు తెలంగాణ వచ్చింది. మందు రాదా?" అన్నాడు.

శైలజ ఆ ఫిలిం తీసుకుని జాగ్రత్తగా కవర్లో పెట్టింది.

నిన్న సాయంత్రం దహనం అయ్యాక శైలజను అడిగాను, మనుషుల దాకా ఎప్పుడొస్తుందని. ఎన్నేళ్లో తెలియదంది. అసలు వస్తుందో రాదో కూడా తెలియదంది.

నా బిడ్డ గెలిచిన రోజే బావను భుజం మీద మోశాను. ఏ మొహం పెట్టుకుని సంతోషపడాలో తెలియదు. పడకుండానూ ఉండలేకపోతున్నాను.

పోయి రా బావా. నీ చేతులకు ఇకనైనా రెస్ట్ దొరకాలి. నిమ్మలంగా పడుకో.

శైలజ సంగతి చావింట్లో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ సంగతి ఇంకా చెప్పవలసిన వాళ్లున్నారు.

మా అక్కకు.

అన్నోజిగూడ చిన్నమ్మకు.

నాగారంలో బావ చెల్లెలికి.

చర్లపల్లిలో బావ తమ్ముడు నర్సింహకు. ఈ మధ్య బావకులాగే ఆయన ఎడమ చెయ్యి వణుకుతోంది. మందు ఎప్పుడొస్తుందని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.