ప్రార్థన ఆగిపోయిన పాస్టరు

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది అది. సంగారెడ్డి బయట ఒక చిన్న థియాలజీ కాలేజీల నేను బైబిల్ పాత నిబంధన పాఠాలు చెప్తుంటి. మాది ఎం.డివ్. కోర్సు, అంటే డిగ్రీ అయినంక మూడేండ్లు చదివే దైవశాస్త్రం. ఆ ఏడు నా క్లాసుల తొమ్మిది మంది ఉండిరి. ఎనిమిది మందికి ముప్పై దాటలే. తొమ్మిదో మనిషి ప్రకాశం గారికి నలభై నాలుగు.

ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీల పదహారేండ్లు ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసిండు. నౌకరి చేసుకుంటనే దూరవిద్యల డిగ్రీ పాసయిండు. తర్వాత నౌకరి మానేసి, పటేల్‌గూడల రేకుల షెడ్డు కింద పాస్టరుగ ఒక చర్చి సంఘం నడుపుతుండె. ఇరవై కుటుంబాలు, ఎక్కువ మంది ఫ్యాక్టరీ పనోళ్లు. రోజూ బస్సుల వచ్చి పోతుండె. ఆయన నోట్సు ఎంత శుభ్రంగ ఉండేదంటే, పరీక్షల ముందు క్లాసంతా దాన్నే జిరాక్స్ తీయించుకునేది.

మొదటి ఏడాదిల సోర్స్ క్రిటిసిజం అని ఒక పాఠం ఉంటది. ఒక పాత గ్రంథం ఒక్కరే రాసిన్రా, ఎన్ని చేతులు పడ్డయి, ఏ మాట ఏ కాలంల చేరింది అని భాషను బట్టి వెతికే పద్ధతి. అంతా ఒక్క ప్రవక్తే రాసిండని చిన్నప్పటి సంది విన్నోళ్లకు ఇది తొందరగ మింగుడు పడదు. ప్రకాశం గారికి మాత్రం పద్ధతి జల్దీనే పట్టుబడ్డది. ఎక్కడ అతుకు పడ్డదో చూడంగనే చెప్పేటోడు. మూడో వారం క్లాసు చివర లేచి నిలబడ్డడు.

"మేడం, ఇదంతా ఆదివారం మా సంఘంల ఎట్ల చెప్పాలె?"

"అది నా సబ్జెక్టు కాదు ప్రకాశం గారూ. ప్రసంగాల క్లాసుల అడగండి," అన్న. అప్పటికే బెల్లు కొట్టిన్రు. రిజిస్టరు తీసుకొని బయటికి వచ్చిన.

ఆ సెమిస్టరు ఆయనకే ఫస్టు మార్కులు వచ్చినయి. నాకు సంతోషమైంది. అంతకు మించి ఏం ఆలోచించలే.

రెండో ఏడాది వానకాలంల ఒక మధ్యాహ్నం, స్టాఫ్ రూముకు ఒకామె వచ్చింది. కాటన్ చీర, చేతిల తడిసిన గొడుగు. "వందనాలు మేడం. నా పేరు సుగుణ. ప్రకాశం నా భర్త," అన్నది. అంగన్‌వాడీల టీచరట. సెలవు పెట్టి వచ్చిందట. కుర్చీల కూర్చొని సూటిగ అడిగింది.

"మీరు ఆయనకు ఏం చదువు చెప్తున్నరు మేడం?"

గొంతుల కోపం లేదు. డాక్టరును ఏం మందులిచ్చిన్రని అడిగినట్టే ఉండె.

"ఏమైందమ్మా?"

"ఆర్నెల్ల సంది ఇంట్ల నోరు తెరిచి ప్రార్థన చేస్తలేడు. అన్నం ముందట కూడ తల వంచుతడు, అంతే. ఆదివారం వాక్యం చదువుతడు, నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటడు. మొన్న ఫ్యాక్టరీల డేవిడ్ చెయ్యి రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ల పడ్డది. మా సంఘంల డోలక్ వాయించే పిలగాడు. నాలుగు వేళ్లు పోయినయి. ఈయన దవాఖానకు పోయి, మంచం పక్కన గంట సేపు కూర్చొని, ఒక్క మాట మాట్లాడకుండ వచ్చిండు. డేవిడ్ తల్లి మా ఇంటిముందటికి వచ్చి, నీకెందుకయ్యా పాస్టరు పని అన్నది."

"సంఘ పెద్దలు ఏమంటున్నరు?"

"వచ్చే ఆదివారం మీటింగు పెడుతున్నరు. తీసేస్తరు. తీసేస్తే మళ్ల నౌకరి చూసుకుంటం, దానికి నాకు భయం లేదు. ఆయన మునుపటి లెక్క లేడు, దానికే నా పరేషాన్."

ఆమెకు చాయ్ తెప్పించిన. ఆమె తాగలే.

మరునాడు ఆయన్ను నా రూముకు పిలిచిన. టేబుల్ దిక్కే చూసుకుంట చెప్పిండు. "మునుపు నోరు తెరిస్తే మాటలు వాటంతట అవే వచ్చేటివి మేడం. దేవుడు గిట్ల చేసిండు, గందుకు చేసిండు అని. ఇప్పుడు ప్రతి మాట కాడ ఆగుతున్న. ఇది నాకెట్ల తెలుసు అనిపిస్తది. తెల్వంది ఎట్ల చెప్పాలె?"

ఆయన క్లాసుల లేచి నిలబడ్డ రోజు అప్పుడు నాకు యాదికొచ్చింది. "ఆ రోజు మీరు అడిగితే నేను జవాబు చెప్పకుండ పోయిన. నాది తప్పు," అన్న. ఆయన ఇబ్బందిగ నవ్విండు. "మీకు టైం లేకుండె మేడం," అన్నడు.

విలాపాల గురించి మాట్లాడుకున్నం. కష్టంల ఉన్న మనిషి దేవుణ్ని నిలదీసే ప్రార్థనలు అవి. వాటిని ఇంగ్లీషుల ల్యామెంట్ అంటరు. వాటిల కొన్నిటికి చివరిదాకా జవాబు రాదు. అయినా అవి కూడ ప్రార్థనలే అని ఎంచి పాతకాలపు పెద్దలు లేఖనాల్ల ఉంచిన్రు. ఆయన పరీక్షల దాని మీద పది మార్కుల జవాబు రాసిండు కూడ. కాని అది తన కోసం అని ఎన్నడు అనుకోలేదట.

"డేవిడ్ ఇంటికి పోదాం, నేను వస్త," అన్న.

"మీరేం చెప్తరు మేడం?"

"నాకు కూడ తెల్వదు."

శనివారం పోయినం. ఒక్కటే అర్ర, కిరాయి ఇల్లు. డేవిడ్ కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకొని కూర్చున్నడు. వాళ్లమ్మ మాకు చాప వేసింది గాని మొఖం తిప్పుకున్నది. డేవిడే అడిగిండు.

"అయ్యగారూ, నేనేం పాపం చేసిన? పాపం చేస్తేనే దెబ్బ తగులుతదని మీరే చెప్పిన్రు గదా."

ప్రకాశం గారు అతని పక్కకు జరిగిండు. "చెప్పిన," అన్నడు. "శానాసార్లు చెప్పిన. తెల్వక చెప్పిన, అది తప్పు." కట్టు దిక్కు చూసి, "ఆ ప్రెస్సుకు ముందట జాలీ గార్డు ఉండెనా?" అని అడిగిండు.

"తీసేసిన్రు. పని జల్దీ అయితలేదని."

"ఎప్పుడు?"

"పోయినేడు దసరా ముందట."

"నేను పదహారేండ్లు మిషన్ల మధ్యన ఉన్న డేవిడ్. గార్డు ఉంటే చెయ్యి లోపలికి పోదు. మనుషులు తీసేసిన్రు. దాన్ని నీ పాపం మీద ఎయ్యొద్దు, దేవుని మీద ఎయ్యొద్దు."

డేవిడ్ గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు. దవాఖానల కూడ ఏడ్వలేదని వాళ్లమ్మ తర్వాత చెప్పింది. ప్రకాశం గారు అతని మంచి చెయ్యి పట్టుకొని ప్రార్థన చేసిండు. "ప్రభువా, వీని వేళ్లు పోయినయి. మాకు కోపంగ ఉన్నది. ఏం అడగాల్నో కూడ తెలుస్తలేదు. ఈ ఇంట్లనే ఉండు." అంతే. నా ముప్పై ఏండ్ల సర్వీసుల అంత చిన్న ప్రార్థన పాస్టర్ల నోట వినలే. తల్లి మెల్లగ "ఆమెన్" అన్నది.

ఆదివారం మీటింగుల కూడ ఆయన అదే మాట చెప్పిండు. పాపం, దెబ్బ అని తను చేసిన ప్రసంగాలు తప్పని, కష్టాలు ఎందుకొస్తయో తనకు తెల్వదని ఒప్పుకున్నడు. పెద్దలు తీసెయ్యలే గాని, ఆరు కుటుంబాలు వేరే సంఘానికి పోయినయి. తెల్వదని చెప్పే పాస్టరు మాకెందుకన్నరు. ఆ ఆరు కుటుంబాల పేర్లు ఆయన ఇప్పటికీ చెప్తడు, బాధతోనే. ప్రకాశం గారు డేవిడ్‌తోని పనిచేసేటోళ్లను వెంటబెట్టుకొని ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికి మూడుసార్లు పోయిండు. మిగిలిన ప్రెస్సులకు గార్డులు బిగించిన్రు. డేవిడ్‌ను సామాను లెక్క చూసే స్టోర్సుల పనికి పెట్టుకున్నరు. సంఘంల డోలక్ ఇప్పుడు ఒక అమ్మాయి వాయిస్తది.

ప్రకాశం గారు విలాప ప్రార్థనల మీదనే థీసిస్ రాసి పాసయిండు. ఈసారి ఫస్టు రాలే.

పాఠం చెప్తే నా పని అయిపోయిందని ఎన్నో ఏండ్లు అనుకున్న. విద్యార్థి నా క్లాసుల విన్నదాన్ని మోసుకొని ఏ ఇంటికి పోతుండో, అక్కడ మంచం మీద ఎవరున్నరో నేను ఎన్నడు అడగలే. ఇప్పుడు సోర్స్ క్రిటిసిజం మొదలుపెట్టే ముందు ఒక శనివారం విద్యార్థులను, వాళ్ల ఇంటోళ్లను పిలుస్త. ఏం చెప్పబోతున్ననో ముందే చెప్త. కొందరు భార్యలు కష్టమైన ప్రశ్నలు అడుగుతరు. నాకు తెలిసినకాడికి చెప్త. తెల్వనికాడ తెల్వదనే చెప్త.