కారం చేతి రొట్టె

మార్చి నెల మొదటి ఆదివారం, పగలు రెండున్నర. ఆ వేళ నేను చేసిన పని ఇన్నేళ్లుగా గుండెల మీద తిరగలి రాయిలా కూర్చుంది. మీకు చెబుతున్నాను. తిడితే తిట్టండి.

మా అత్త దీనమ్మ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. చర్చికని పెట్టిన కుండలో పిడికెడు బియ్యం వేయనిదే పొయ్యి వెలిగించేది కాదు. అబద్ధం ఆమె నోట రాదు. మా ఆయన తాగి దాక్కుంటే, వెతుక్కుంటూ వచ్చిన సంఘ పెద్దలకు "అదుగో, గడ్డివామి ఎనకమాల" అని వేలు పెట్టి చూపించింది. కన్నకొడుకుని. అలాంటి మనిషిని నేను మోసం చేశాను.

నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల. రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. అవి తీసుకునేదాకా మా అత్త మంచినీళ్లయినా ముట్టదు. మంచం పట్టాక మా పాస్టరు అయ్యగారే ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. ఆ రోజు ఆరాధన కాగానే ఆయన బెల్లంకొండలో పెళ్లికి పోయాడని కబురొచ్చింది. ఈమె చూస్తే రాత్రి నుంచి పస్తు. పెదాలు పగిలి ఉన్నాయి. గంజి తాగమంటే తల తిప్పుకుంది.

నేను కల్లంలో మిరపకాయల్లో తాలు ఏరుతూ లేచి వచ్చాను. పక్కింటి కోటమ్మ వదిన గురజాల నుంచి తెచ్చిన నల్లద్రాక్ష గ్లాసులోకి పిండింది. టీకొట్టు బన్ను నేను తుంచాను. నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం నేను తీసుకోలేదు. తీసుకోని వాళ్లు ఆ బల్ల దగ్గర చెయ్యి చాపకూడదు. అందుకోవడానికే పనికిరాని చెయ్యి, పెట్టడానికి పనికొస్తుందా? అప్పుడు అంత ఆలోచించలేదు.

"అయ్యగారేడే?" అంది మా అత్త.

"పనుండి రాలేదత్తా. ప్రార్థన చేసి పంపించాడు."

నమిలింది. ఆగింది. "ఏమే, కారంగా ఉందేందే? అయ్యగారు గూడా తాలుకాయలు ఏరతన్నాడా ఏంది?"

"జొరానికి నీ నోరు చెడింది."

"అంతేలే" అని రసం తాగి, ఆమేన్ అంది.

నవ్విందా? పగిలిన పెదాలు అలా కదిలాయా? తెలిసే మింగిందా? కొడుకు కోసం కూడా అబద్ధమాడని మనిషి, నా అబద్ధాన్ని నోట పెట్టుకుని ఆమేన్ అంటుందా?

బుధవారం మా అత్త పోయింది. అయ్యగారే వచ్చి ఇచ్చాడనుకున్న మా ఆయన, సమాధి దగ్గర అందరికీ అదే చెప్పాడు. అయ్యగారు కాదనలేదు. "ఆదివారం బల్లలో పాలుపొంది ప్రభువులో నిద్రించింది" అని ప్రార్థన కూడా చేశాడు. కళ్లు తెరిచాక నా వైపు చూశాడు. నేనూ చూశాను.

ఆ తర్వాతే మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నాలాంటిది పెట్టకూడదని ఎక్కడ రాసుందోనని మా అత్త బైబిల్లో కూడబలుక్కుంటూ వెతుకుతున్నాను. ఇంకా కనపడలేదు. కనపడినా సరే, మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ పెడతాను, ఆమెను ఆకలితో పోనివ్వను. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడాను, అది తప్పే. ఆ తప్పు నాది. క్షమించమని ఎవర్నీ అడగను. చెప్పేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది.

ఆ వేళ ఆ గదిలో ఉన్నది మంచం మీద మా అత్త దీనమ్మ, గ్లాసు పట్టుకున్న కోటమ్మ వదిన, కడుక్కోని చేతులతో నేను. అయ్యగారు లేడు.