నూట పది, ఇరవై ఎనిమిది

కంప్యూటర్లు బాగుచేసే ఆవిడని ఆ వీధిలో అందరూ డాక్టరమ్మ అనే పిలిచేవారు. అసలు డాక్టర్లు ఏమీ అనుకోకపోతే ఆ పేరు ఆవిడకి అతికినట్టు సరిపోయింది. లాప్‌టాప్ విప్పే ముందు చేతులు కడుక్కునేది. బాగైన మెషీన్ని అప్పగించేటప్పుడు "పరుపు మీద పెట్టి వాడకండి, దానికి ఊపిరాడదు" అని పథ్యం చెప్పేది. పాతికేళ్లుగా అదే గది, అదే బల్ల, అదే దీపం. ఆవిడ చేతిలో పడ్డ మెషీన్ ఎంత మొండిదైనా దారికి రావలసిందే.

ఆవిడకి రెండు అలవాట్లుండేవి. ఏ మెషీన్ విప్పినా అడుగు మూతకి లోపలివైపు చిన్న కాగితం ముక్క అంటించి, తేదీ, చేసిన పని రాసిపెట్టేది. మళ్లీ అదే మెషీన్ వస్తే మొదటినుంచీ తడుముకోవక్కర్లేదని. రెండోది, ఎవరికి, ఎందుకు అని అడగకపోవడం. "మనకెందుకు" అనేది ఆవిడ ఊతపదం. పెద్దరికంగా వినిపించే మాటే గానీ, ఆ మాటే ఒక గురువారం ఆవిడ మెడకి చుట్టుకుంది.

ఆ రోజు పన్నెండు గంటలకి ఒక అమ్మాయి ఆటలాడే లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఎండ మండిపోతున్నా మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుంది.

"కార్ల ఆటక్కా. వేరే ఊళ్లో ఉన్న మా ఫ్రెండూ నేనూ కలిసి ఆడుకుంటాం. నెల్రోజులనుంచి మధ్యలో ఆగి ఆగి నడుస్తోంది."

"ఎప్పుడు పడితే అప్పుడా?"

"లేదక్కా. సరిగ్గా ఒంటిగంటకి మొదలై రెండింటికి తగ్గిపోతుంది. మళ్లీ నాలుగింటికి కాసేపు."

"గంట కొట్టినట్టు వచ్చే జ్వరమన్నమాట," అంది డాక్టరమ్మ. "కూర్చో. ఎలా వస్తుందో చూద్దాం."

కొట్టులో ఉన్న నెట్‌కి కలిపి ఆట పెట్టమంది. తెర మూలన ఒక అంకె కనిపిస్తుంది. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకె అది. ఎంత ఎక్కువ మారితే ఆట అంత నున్నగా సాగుతుంది. అప్పుడు నూట పది ఉంది. అమ్మాయి ఆడుతుంటే డాక్టరమ్మ పని మరిచిపోయి చూసింది. అంత వేగంలోనూ కారు ఒక్కసారి కూడా గోడకి తగల్లేదు. ఆటలో ఉన్నంతసేపు ఆ పిల్ల మొహంలో ఏ బెరుకూ లేదు.

ఒంటిగంట దాటి రెండు నిమిషాలయ్యేసరికి అంకె ఇరవై ఎనిమిదికి పడిపోయింది. కారు ముక్కలు ముక్కలుగా కదలడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ అరచెయ్యి ఆనించి చూసింది. పెద్ద వేడి లేదు. చార్జరు మార్చింది, సెట్టింగులు తిరగేసింది. అంకె కదల్లేదు. ఇక లోపల ఫ్యాన్ చూడాలనుకుని మెషీన్ ఆపేసి, అడుగు మూత మరలు తీసి, మూత వెల్లకిలా తిప్పింది.

లోపల తన కాగితం ముక్క ఉంది. తన రాతే. ఏడాదిన్నర కిందటి తేదీ, దాని కింద ఒకటే మాట: కాపలా.

ఆ పని చేయించుకున్న మనిషి ఆవిడకి గుర్తొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు, మాటకి ముందొకటి వెనకొకటి మేడమ్ అనడం. "ఇంట్లో పిల్లాడున్నాడు మేడమ్, ఒక కన్నేసి ఉంచాలి" అన్నాడు. తెర మీద జరిగేదంతా తన ఫోన్లో చూసుకునేలా, మాటలు కూడా వినపడేలా ఒక ప్రోగ్రాం పెట్టించుకున్నాడు. మనకెందుకు అనుకుని అరగంటలో పెట్టేసింది. పైగా అది ఎక్కడా కనిపించకుండా దాచి, "ఎవడి తాతా కనిపెట్టలేడు" అని గొప్పలు పోయింది కూడా. ఆయన ఫోన్ తెరిచి చూస్తున్నప్పుడల్లా ఆ బొమ్మలన్నీ ఆయనకి చేరవేయలేక మెషీన్ రొప్పుతోంది. ఒంటిగంట ఆఫీసుల్లో భోజనాల వేళ. నెల్రోజులుగా రోజూ ఆ వేళకి చూస్తున్నాడన్నమాట.

"మీ ఇంట్లో పిల్లలెంతమందమ్మా?"

"మాకింకా పిల్లల్లేరక్కా. నేనూ మా ఆయనే."

మూత విప్పి ఉన్నంతసేపే ఆ మెషీన్‌కి కళ్లూ చెవులూ లేనిది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఉన్నదంతా చెప్పేసింది. అది పెట్టింది తనేనని కూడా చెప్పింది. చెప్తున్నంతసేపూ సిగ్గుతో ఆవిడ మొహం మండిపోయింది.

అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. "అనుమానమొచ్చి నేనూ చాలా వెతికానక్కా, దొరకలేదు," అంది. "బాగా పెట్టారు."

ఇంత కాలంలో ఆవిడ పనిని అలా మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ మాటకన్నా రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది.

"నిన్న ఆటలో ఉన్నప్పుడే మా ఫ్రెండ్‌తో చెప్పాను, శనివారం వచ్చేస్తానని," అమ్మాయి గొంతు తగ్గించింది. "పొద్దున మా ఆయన శనివారం సెలవు పెట్టానన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఈ మూడేళ్లలో ఎప్పుడూ పెట్టలేదక్కా." అంటూనే ఎడమ చొక్కాచెయ్యి ఇంకాస్త కిందికి లాక్కుంది. అది లాగేలోపే డాక్టరమ్మ చూసింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి.

"ఆ ఊరికి బస్సెప్పుడు?"

"రెండింటికి పది తక్కువకి ఒకటుంది."

"స్టాండు ఇరవై నిమిషాల నడక. మీ ఆయన ఆఫీసు?"

"ఇక్కడికి అరగంట. స్టాండు మాత్రం వాళ్ల ఆఫీసు పక్క వీధే అక్కా. తెలిస్తే నడిచే వచ్చేస్తాడు."

"అయితే నువ్వు ఇక్కడే ఉన్నావని ఆయన అనుకోవాలి. శనివారం దాకా ఆగకు. నీ ఫోన్ ఇక్కడే పెట్టెయ్, దాంతో నువ్వెక్కడున్నావో తెలిసిపోతుంది. ఎక్కువసేపు మెషీన్ ఆపి ఉంచినా అనుమానం వస్తుంది. నేను ఆడుతూ ఉంటాను."

డాక్టరమ్మ మూత బిగించి, మెషీన్ ఆన్ చేసి, ఆట తెరిచింది. ఇరవై ఎనిమిది. చూస్తున్నాడు. ఒకటీ ఇరవై ఐదుకి అమ్మాయి భుజానికి సంచీ తగిలించుకుని, ఆవిడ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, వెనక తలుపునించి వెళ్లిపోయింది.

పాతికేళ్లలో మొదటిసారి డాక్టరమ్మ ఒక రోగం తగ్గకూడదని కోరుకుంది. ఆ ఇరవై ఎనిమిది అలాగే ఉంటే ఆయన కుర్చీలోనే ఉన్నట్టు. ఆవిడకి మెషీన్లు బాగుచేయడమే వచ్చు, ఆడటం రాదు. కారు ఎడమ గోడకి గుద్దుకుంది, కుడి గోడకి గుద్దుకుంది, ఒకసారి వెనక్కి తిరిగి వచ్చిన దారినే పరిగెత్తింది. ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.

ఒకటీ నలభై ఒకటికి బల్ల మీదున్న అమ్మాయి ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తకపోతే ఆయన లేచి బయల్దేరతాడని ఆవిడకి అర్థమైంది. ఎత్తింది.

"ఏంటి ఇవాళ గోడలన్నీ గుద్దేస్తున్నావ్?" మెత్తటి గొంతు, నవ్వుతోంది. "ఆ కారు నువ్వు తోలుతున్నది కాదే. ఎవరది?"

గోడల సంగతి డాక్టరమ్మకి తట్టనే లేదు.

"నేనండీ, రిపేరు చేసేదాన్ని," అంది. "మీరు పెట్టించినది నాకు కనిపించింది. అమ్మాయికింకా చెప్పలేదు. వెనక మొహం కడుక్కుంటోంది. మీరొచ్చి మాట్లాడతానంటే ఈలోగా తనని ఏదో వంకతో ఇక్కడే కూర్చోబెడతాను."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"మంచి పని చేశారు మేడమ్," అన్నాడాయన. "కదలనివ్వకండి. వస్తున్నా."

ఫోన్ ఆగింది. తెర మూలన అంకె ఒక్కసారిగా నూట పదికి లేచింది. కారు నున్నగా, హాయిగా, కొత్త మెషీన్లో లాగా సాగిపోయింది.

ఆవిడ గడియారం చూసింది. ఒకటీ నలభై మూడు. ఏడు నిమిషాల్లో బస్సు కదులుతుంది. అరగంటలో ఆయన ఈ గుమ్మంలో ఉంటాడు. కొట్టు మూసి పారిపోవచ్చు. కానీ తాళం చూస్తే ఆయన వెంటనే ఆ ఊరి బస్సు వెనక పడతాడు. అది దూరం పోయేదాకా ఆయన్ని ఇక్కడే ఆపాలి. డాక్టరమ్మకి చాలా భయమేసింది. వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, అమ్మాయి కూర్చున్న కుర్చీలో తనే కూర్చుంది.