పాల్వంచ దాటాక ఆగిన కారు

అక్కను భద్రాచలం ఆసుపత్రిలో చేర్చి అప్పటికి నాలుగో రోజు. కిడ్నీలు పాడై రెండేళ్ల నుంచి ఆమె బాధపడుతూనే ఉంది. ఆ ఉదయం బావ ఫోన్ చేశాడు.

"ఇయ్యాలనే రా. నిన్నే అడుగుతున్నది. ఇగ మేం చేసేదేం లేదంటున్నరు డాక్టర్లు."

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకు పదహారు. జూలూరుపాడులో నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడిలో దింపింది ఆమే. ఆదివారం చర్చికి వెళ్లే ముందు నా తల దువ్వి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. నా చదువు పూర్తయ్యేదాకా ఇంట్లో తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు.

ఖమ్మంలో పదకొండింటికి బయలుదేరాను. కారు కొని ఎనిమిది నెలలే. కరెంటు కారు. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చాక, ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇవ్వబోయి రోడ్డు అంచు దిగాను. ముందు చక్రం దగ్గర ఢామ్మని చప్పుడైంది. దిగి చూస్తే టైరు పక్కభాగం జానెడు చీరుకుపోయింది.

డిక్కీలో స్టెప్నీ లేదు. దాని బదులు గాలి కొట్టే చిన్న పంపు, రంధ్రాలు మూసే జిగురు సీసా ఇస్తున్నామని కొన్ననాడే చెప్పారు. సరేనన్నాను. ఇప్పుడు ఆ జిగురంతా ఎక్కించి పంపు పెట్టాను. అది తెల్లగా చీలికలోంచి కారి మట్టిలో ఇంకిపోయింది.

అక్కడ సిగ్నల్ లేదు. వెనక్కి నడిచి, రోడ్డు ఎత్తెక్కే చోటికి వెళ్లి కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేశాను.

"ఎలక్ట్రిక్ వెహికల్ కదా సర్, తాడు కట్టి లాగకూడదు. లారీ మీదే ఎక్కించాలి. ఖమ్మం నుంచి రావాలి, మూడు గంటలు పట్టొచ్చు," అంది అవతలి అమ్మాయి. "మీరు వెహికల్ దగ్గరే ఉండాలి సర్. ఎవరూ లేకపోతే రిక్వెస్ట్ క్యాన్సిల్ అయిపోతుంది."

ఫోన్ పెట్టగానే బావ నుంచి వచ్చింది.

"ఎక్కడిదాక వచ్చినవ్?"

"పాల్వంచ దాటిన బావా. టైరు పోయింది. వస్త, అరగంటల వస్త."

అరగంట అని ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ తర్వాత మరో రెండుసార్లు ఆ ఎత్తు మీదికి వెళ్లి అదే మాట చెప్పాను.

కారు దగ్గరికి తిరిగొచ్చిన కాసేపటికి బండి మీద భార్యాభర్తలు వచ్చి ఆగారు. పక్క గూడెం వాళ్లు. వాళ్లిద్దరూ తమ భాషలో ఏదో అనుకుని, అతను దిగి టైరు తడిమి చూశాడు.

"ఇది పంచరు గాదు సార్, టైరే మార్వాలె. ఎక్కడికి పోతున్నరు?"

చెప్పాను. అతని ముఖం మారిపోయింది.

"అక్కకు గట్లుంటే ఈడ నిలవడ్డరేంది సార్? బస్సొస్తది, ఎక్కుండ్రి. లారీ వచ్చేదాక నేను ఈడనే కూసుంట. తాళం గూడ మీ దగ్గర్నే పెట్టుకోండ్రి."

"అవ్, పోండ్రి సార్," అంది ఆమె కూడా.

నేను అతని చొక్కా వైపు, చెప్పుల వైపు చూశాను. చూసినట్టు అతనికి తెలిసింది. "లేదులే, లారీ వచ్చేస్తది," అన్నాను. అతను బండి స్టార్ట్ చేశాడు. వెళ్లిపోయారు.

రెండున్నరకు భద్రాచలం బస్సు వచ్చింది. చెయ్యెత్తాను. డ్రైవరు వేగం తగ్గించాడు. వెనక్కి తిరిగి కారు చూశాను. ఎండలో మెరుస్తోంది, గీత కూడా పడని కారు. లారీ ఇవాళ కాకపోతే రేపైనా వస్తుందని, కారును ఎవరూ ఎత్తుకుపోలేరని ఆ క్షణంలోనే నాకు తెలుసు. అయినా చెయ్యి దించేశాను. బస్సు వెళ్లిపోయింది.

లారీ నాలుగున్నరకు వచ్చింది. కారు ఎక్కించుకుని ఖమ్మం వైపు తిరిగింది. నేను తర్వాతి బస్సెక్కాను. ముప్పావుగంటలో భద్రాచలంలో దిగాను.

బావ వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"నాలుగింటిదాక తలుపు దిక్కే చూసింది. వచ్చిండా, వచ్చిండా అన్నది. వస్తున్నడు అని చెప్తనే ఉన్న. తర్వాత మాట పడిపోయింది. ఇప్పుడే, అయిదు గాకముందు…"

లోపలికి వెళ్లాను. దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. చెయ్యి తీసి పట్టుకున్నాను, ఇంకా వెచ్చగానే ఉంది. "అక్కా, వచ్చిన" అన్నాను. ఆ మాట నాకే వినబుద్ధి కాలేదు.

మర్నాడు సమాధుల తోటలో బావే అందరికీ చెప్పాడు, నడి అడవిలో కారు ఆగిపోయిందని, పాపం తమ్ముడు మాత్రం ఏం చేస్తాడని. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఒక ముసలామె నా కళ్లు తుడిచింది. బస్సు సంగతి గానీ, కారు దగ్గర కూర్చుంటానన్న అతని సంగతి గానీ నేను చెప్పలేదు. తల వంచుకుని నిలబడి, వాళ్లు ఇచ్చిన ఓదార్పునంతా తీసుకున్నాను.