మధ్యకి జరిపిన నీటిమట్టం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఆగస్టులో, నన్ను శ్రీకాకుళం వరద కంట్రోల్ రూముకి డిప్యూటీ ఇంజనీరుగా వేశారు. ఒడిశా సరిహద్దులో నీటిమట్టం కొలిచే గేజి దగ్గర నుంచి అప్పలస్వామి గంటకోసారి నాగావళి మట్టం ఫోనులో చెప్పేవాడు. ఆపరేటరు సూరిబాబు దాన్ని కంప్యూటరు పట్టికలో ఎక్కించేవాడు. పట్టిక పైనున్న గడి, కింది అంకెల్లో పెద్దదాన్ని తానే ఏరుకుని చూపిస్తుంది. అది హెచ్చరిక మట్టం దాటితే గడి ఎర్రబడుతుంది. అప్పుడు దిగువకి కబురు పంపాలి.

ఆ మధ్యాహ్నం ఊళ్లో చినుకు లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. కిటికీలోంచి చూస్తే ఏటి మధ్య ఇసుకదిబ్బ, దాని మీద కూరగాయల మళ్లలో వంగిన మనుషులు కనిపిస్తున్నారు. ఫోను నేనే ఎత్తాను.

"బాబూ, నీరు ఎర్రగా ఒచ్చేస్తన్నాది. దిబ్బ మీదోళ్లకి సెప్పారా? మా పిల్ల రవణమ్మ అక్కడే ఉన్నాది. సెల్లు ఎత్తట్నేదు," అన్నాడు అప్పలస్వామి.

నేను అటు తిరగగానే, "గడి ఎర్రబడనేదండి," అన్నాడు సూరిబాబు.

నిజమే, గడి పొద్దుటి అంకె మీదే ఉంది. కానీ దాని కిందే, గంట కిందట సూరిబాబు కొట్టిన అంకె హెచ్చరిక మట్టాన్ని దాటేసి ఉంది. ఇద్దరం చూస్తున్నాం, యంత్రం మాత్రం చూడటం లేదు. గడి సంగతి తర్వాత, ముందు సైరన్ వేయించి, ఏటిగట్టు కాపలా చూసే లస్కరుని ఏటికి పరిగెత్తించమన్నాను.

కారణం తర్వాత దొరికింది. మామూలుగా పట్టికలో చివరి సున్న ఎగిరిపోతుంది, .50 కొడితే .5 అని చూపిస్తుంది. మా శాఖలో మట్టానికి దశాంశం తర్వాత రెండంకెలు ఉండి తీరాలి. ఆ సున్న కోసం సూరిబాబు పొద్దున ఆ నిలువు వరసలో మిగిలిన ఖాళీ గడుల్ని అక్షరాల పద్ధతికి మార్చాడు. ఆ తర్వాత కొట్టినవన్నీ యంత్రానికి అక్షరాలే, లెక్కలోకి రావు. ఏమీ మార్చకపోతే అంకె కుడికి, అక్షరం ఎడమకి ఒరుగుతాయి, చూడగానే తెలిసిపోతుంది. కానీ పట్టిక అందంగా ఉండాలని పై అధికారి అన్నిటినీ మధ్యకి జరిపించాడు. అందమట అందం! నేను ఆ అమరిక తీసేశాను. పొద్దుటివి కుడిగోడకి, తర్వాతివి ఎడమగోడకి చప్పుడు లేకుండా జరిగిపోయాయి.

ఆ మధ్యాహ్నం సైరన్ మోగుతున్నా, కిటికీలోంచి చూస్తే దిబ్బ మీద ఎవరూ కదలడం లేదు. ఆ ఎండలో వరదంటే ఎవరు నమ్ముతారు! "వానెక్కడున్నాది మావా?" అని రవణమ్మ నవ్విందట. "మీ అయ్య సెప్పాడే," అని లస్కరు అనగానే గంప అక్కడే ఒదిలేసి లేచిందట. ఆమె వెనక మిగతావాళ్లూ గట్టెక్కారు. సాయంత్రం, అదే ఎండలో, ఏ హోరూ లేకుండా దిబ్బ మాయమైంది. గంప ఒక్కటి కాసేపు తేలింది.

గడుల అమరిక అలంకారం కాదని, అది కాపలా అని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నా రూములో అంకెల్ని ఎవరినీ మధ్యకి జరపనివ్వలేదు. సంగతి తెలిశాక అప్పలస్వామి కూడా మట్టం చెప్పి ఊరుకునేవాడు కాదు.

"కుడిపక్కకే నిలబడిందా బాబూ?" అని అడిగేవాడు. నిలబడిందని సూరిబాబు చూసి చెప్పాకే అతను ఫోను పెట్టేవాడు.