నల్ల డబ్బా మహానుభావుడు

ఏ ఆంప్లిఫయర్ మూత విప్పినా, అంతకుముందు దాన్ని బాగుచేసినవాణ్ణి తిట్టందే మెకానిక్ మావయ్యకు చెయ్యి ఆడదు. కళ్లజోడు నుదుటికెక్కించి, స్క్రూడ్రైవర్‌తో చెవి గోక్కుంటూ "ఏ మహానుభావుడు చేశాడో!" అని మొదలుపెడతాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నానని ఒకాయన తెచ్చిన సెట్టులో ఈసారి అగ్గిపెట్టెంత నల్ల డబ్బా దొరికింది. ఊడదీస్తే పాట ఆగిపోతుంది, తగిలిస్తే పాడుతుంది. లోపలేముందో కనపడకుండా లక్క పోసేశారు. మూడు రోజులు మీటరు పెట్టి తల బద్దలు కొట్టుకున్నాడు.

"కనీసం ఒక చీటీ రాసిపెట్టి ఏడవొచ్చుగా, వెధవ!"

టీ తెచ్చిన భార్య వంగి, డబ్బా తీగలకు కట్టిన మైనపు దారం చూసింది.

"మీరు వేసిన మూడు ముళ్లు నాకు తెలియవా అండీ?"

మావయ్య కళ్లజోడు దించుకున్నాడు. ముళ్లు తనవే. ఎవరు పెట్టారో తేలింది. ఎందుకు పెట్టాడో ఆ మహానుభావుడికే తెలియదు.