అనసూర్య షీటు, సదయ్య నిద్ర

అనసూర్యకు ఒకచోట కాలు నిలవదు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆమెదే. ఆరేళ్లలో ఆమె అందులో కుదురుగా కూర్చోగా చూసిన పాపాన పోలేదు నేను. నిలబడే టీ తాగుతుంది, నడుస్తూనే ఫోన్ మాట్లాడుతుంది. చెప్పేది బయాలజీ. మూడేళ్ల కిందట మా హెడ్మాస్టరు రఘురామ్ గారు ఆమెను మూడు రోజుల శిక్షణకు పంపి, తిరిగి రాగానే "ఇక పిల్లల గోడు వినే మన బడి కౌన్సిలర్‌వి నువ్వే" అన్నారు. మెట్ల కింద ఒక గది ఇచ్చారు. పాత పని మాత్రం ఒక్కటీ తగ్గించలేదు.

నేను లెక్కల టీచర్ని. మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి బొగ్గుగనుల్లో ఇంజనీరుగా గోదావరిఖని వచ్చారు. ఆఫీసర్ల కాలనీలో పెరిగినదాన్ని కాబట్టి కార్మికుల ఇళ్ల సంగతులు నాకు వినికిడే. అనసూర్య అలా కాదు. బొగ్గుబాయి కార్మికుడి కూతురు. రెండు గదుల క్వార్టర్‌లో "బాపు పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి" అన్న మాట వింటూ పెరిగింది.

మొదట్లో పిల్లల సంగతులు నోటుబుక్కులో రాసుకునేది. ఆ బుక్కు ఎక్కడ పెట్టిందో వెతకడానికే సగం రోజు పోయేది. తర్వాత కంప్యూటర్‌లో షీటు తయారు చేసింది. రెండు వందల పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో వరుస. పేరు, క్లాసు, రాని రోజులు, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి, అన్నింటికీ గడులు. పిల్లలు చెప్పుకున్న విషయం మాత్రం అందులో రాయదు. ఆపద ఉంటే ఎరుపు, కనిపెట్టి చూడాల్సి ఉంటే పసుపు, ఫరవాలేదంటే ఆకుపచ్చ రంగు పెడుతుంది, అంతే. "బడి నడుపుతున్నావా, ట్రాఫిక్ లైటు నడుపుతున్నావా?" అని ఏడిపించేదాన్ని.

ఆ షీటులో ఒక గడి ఏ శిక్షణలోనూ నేర్పనిది. తండ్రి షిఫ్టు. ఈ ఊళ్లో ఒక తండ్రికి ఫోన్ చేయాలంటే గడియారం చూస్తే చాలదు. ఫస్ట్ షిఫ్టు, అంటే పగటి డ్యూటీలో ఉంటే ఫోన్ తీయడు, నైట్ షిఫ్టులో ఉంటే పగలు నిద్రలో ఉంటాడు. పైగా మూడు షిఫ్టులు, సోమవారం సోమవారం వంతు మారుతుంది. అందుకని ప్రతి సోమవారం పొద్దున అనసూర్య ఆ గడులన్నీ మార్చి, షిఫ్టు ప్రకారం పేర్ల వరస సర్దుకునేది.

దీప సంగతి బయటపడింది ఆ గడి వల్లే. దీప పదో తరగతి, చదువులో చురుకు. మూడు వారాలకోసారి వరసగా ఆరు రోజులు నాగా పెట్టేది. ఆగస్టులో అనసూర్య రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూసింది. రాని వారాలన్నీ తండ్రి నైట్ షిఫ్టు వారాలే. పిలిచి అడిగితే ఆ పిల్ల అసలు విషయం చెప్పింది.

వాళ్ల నాన్న సదయ్య ఓపెన్ కాస్టు గనిలో మట్టి మోసే పెద్ద లారీ, డంపర్, నడుపుతాడు. కిందటేడు ఒక నైట్ షిఫ్టులో స్టీరింగ్ మీద కన్ను మూతపడి, బండి మట్టికట్ట ఎక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి భార్యకు నవ్వుతూ చెప్పాడు. గోడ అవతల దీప విన్నది. తల్లి పొద్దున్నే హాస్టల్‌లో వంటకు పోతుంది. ఇక ఆయన పగటి నిద్రకు కాపలా తనే అనుకుంది ఆ పిల్ల. బంతి ఆడే పిల్లల్ని తరిమేది, కుక్కల్ని అదిలించేది, పాలాయన హారన్ కొట్టకముందే ఎదురు పోయి గిన్నె పట్టేది. బడికి సెలవని ఇంట్లో చెప్పేది. ఎవరూ చెయ్యమనలేదు.

"బాపుకు చెప్పకుండ్రి మేడం. ఎరుకైతే ఆయనకు నిద్రే పట్టది" అంది. అనసూర్య మాటిచ్చింది. నెమ్మదిగా నచ్చజెప్పి, ఆరు నాగాలను మూడుకు తెచ్చింది. మార్చిలో పరీక్షలు. హాజరు తగ్గితే రాయనివ్వరన్న భయం అనసూర్యను తినేస్తోంది.

నవంబరులో ఒక సోమవారం. మీటింగుకు టైమైపోతోంది, రఘురామ్ గారు రెండుసార్లు కబురు పంపారు, ఈమెగారు ఇంకా షీటు ముందే వంగి ఉంది. పక్క గడులను కూడా కలిపి వరస మార్చాలా, ఈ ఒక్క గడినే మార్చాలా అని కంప్యూటర్ అడుగుతోంది. "ఏదో ఒకటి నొక్కవమ్మా!" అని విసుక్కుని, నేనే వంగి మౌస్ నొక్కాను. ఒక్క గడినే అన్నదాని మీద నొక్కాను. ఆమె చూడకుండానే సేవ్ చేసి లేచింది. పేర్లు ఉన్నచోటే ఉన్నాయి, షిఫ్టులన్నీ తారుమారై ఒకరిది ఇంకొకరి వరుసలో పడ్డాయి. అది మా ఇద్దరికీ తెలియదు.

ఆ సోమ, మంగళవారాలు దీప రాలేదు. బుధవారం పొద్దున అనసూర్య షీటు చూసి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది.

"సదయ్యది ఫస్ట్ షిఫ్టు ఉన్నదక్కా. ఫస్ట్ షిఫ్టు వారంల గీ పిల్ల ఎన్నడు నాగా పెట్టలే. ఇంకేందో అయింది."

"జ్వరం వచ్చి ఉంటుందిలే."

"జరం అయితే ఫోన్ చేస్తది. నువ్వు బండి తియ్యి."

నా స్కూటీ మీద వెళ్లేసరికి పదకొండు. గుమ్మం పక్కన డ్యూటీ బూట్లు ఉన్నాయి. అంటిన మట్టి ఇంకా ఆరలేదు. నాకు అవి బూట్లు, అంతే. అనసూర్య మాత్రం వాటి దగ్గర ఆగిపోయింది. బూట్లు బయట ఉన్న ఇంటి తలుపు పగలు కొట్టకూడదని క్వార్టర్లలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసట. ఎత్తిన చేయి దించి, ఫోన్ తీసి మళ్లీ షీటు చూసింది.

"ఫస్టే ఉన్నది. పాత బూట్లేమో" అని తలుపు కొట్టింది. పలక్కపోయేసరికి పిల్ల ఏమైందోనని గట్టిగా, దబదబా కొట్టింది.

లుంగీ, బనియన్‌తో ఒక మనిషి తలుపు తీశాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఏమైంది? బాయి కాడ ఏమన్న అయిందా?" అన్నాడు ముందుగా. సదయ్యే.

అప్పుడే వీధి చివర ఉల్లిగడ్డల ఆటో మైకు టక్కున ఆగింది. ఆ ఆటో దగ్గర నుంచి దీప పరుగెత్తుకుంటూ వస్తోంది. మమ్మల్ని చూసి నడిరోడ్డులో ఆగిపోయింది.

"గీల్లు మీ మేడంలు గదా బిడ్డా? బడి లేదంటివి?" అన్నాడు సదయ్య.

దీప తండ్రిని చూడలేదు. అనసూర్యనే చూసింది. "చెప్పనంటిరి గద మేడం" అంది.

సదయ్య రెట్టించి అడిగితే ఆ పిల్లే చెప్పింది. "నువ్వు పండుకోవాలెనని బాపు. మల్ల స్టీరింగ్ మీద కన్ను మూతవడితే ఎట్ల?" ఆయన అలాగే గుమ్మం మీద కూలబడ్డాడు. మేం ఏదో సర్దిచెప్పబోయి, చేతకాక వచ్చేశాం.

బడికొచ్చి షీటు తెరిస్తే తప్పు తెలిసిపోయింది. నేను చేసిందేమిటో నాకు అర్థమైంది, కానీ ఆమెతో చెప్పలేదు. సిగ్గు, దానికి మించిన భయం. ఆ రోజు సాయంత్రం దాకా అనసూర్య వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది.

"మల్ల పండుకున్నడంటవా అక్కా?"

"పడుకునే ఉంటాడు."

"గా మాట ఇన్నంక నిద్ర ఎట్ల వడ్తది? రాత్రికి బండి ఎక్కుతడు గద."

ఫోన్ చేద్దామంటే, నిద్రపోతుంటే మళ్లీ లేపినట్టవుతుంది. చేయకుండా ఉండలేదు. ఫోన్ పట్టుకుంటుంది, పెట్టేస్తుంది. చివరికి ఆరింటికి చేసింది, స్విచాఫ్.

మర్నాడు ఏడు కొట్టేసరికి ఇద్దరం చౌరస్తాలో నిలబడి ఉన్నాం. నైట్ షిఫ్టు దిగినవాళ్లు బండ్ల మీద వస్తున్నారు. అనసూర్య ఒక్కో ముఖం వెతుకుతోంది. అందరూ వచ్చారు, సదయ్య రాలేదు. టీ కొట్టు దగ్గర ఆగిన ఒకాయనను ఆమె అడ్డగించి అడిగింది.

"డంపర్ సదయ్యా? రాత్రి డ్యూటీకే రాలేదమ్మా" అన్నాడాయన. అనసూర్య అక్కడే చతికిలబడి, ఊరటతో ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

మేం వెళ్లేసరికి బడి గేటు దగ్గర సదయ్యే ఉన్నాడు, ఉతికిన చొక్కాతో, పక్కన దీపతో.

"నాగా పెట్టిన మేడం. నిద్ర లేకుంట బండి ఎక్కద్దని బిడ్డ తలుపుకు అడ్డం నిలవడ్డది. ఎన్నొద్దుల సంది కాపలా కాస్తున్నదో, నాకు సోయే లేదు." దీప సంచి ఆమెకు అందించాడు. "ఇగ నైట్ షిఫ్టు ఉన్నప్పుడు మా తమ్మునింట్ల పండుకుంట. ఆడ సప్పుడుండది. బిడ్డను బడి మాన్పియ్య."

దీప అనసూర్య పక్కనుంచే లోపలికి వెళ్లింది, తలెత్తి చూడలేదు.

ఆ మధ్యాహ్నం తట్టుకోలేక చెప్పేశాను, ఆ బటన్ నొక్కింది నేనని. "ఎరుకే అక్కా" అంది. "బటన్ నువ్వు నొక్కినవ్. తలుపు నేను గొట్టిన. బూట్లు సూసి గూడ గొట్టిన." నా మీద కోప్పడి ఉంటే కాస్త నయంగా ఉండేది.

తర్వాత దీప ఒక్క రోజు కూడా మానలేదు. ఆమె వరుస ఆకుపచ్చగా మారింది. రఘురామ్ గారు బడికి వచ్చినవాళ్లందరికీ ఆ షీటు చూపించి మురిసిపోయారు. షీటులో వరుసలు తప్పాయని అనసూర్య చెప్పి చూసినా, దీప మాత్రం మెట్ల కింద గది వైపు రాలేదు. అనసూర్య తలుపు తీసిపెట్టి, ఇంటర్వెల్ బెల్లు కొట్టినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూసి, లోపలికి వెళ్లేది. పసుపు రంగు పెట్టాల్సింది దీప పేరుకు కాదు, తన పేరుకేనని ఒకసారి నాతో అంది.

డిసెంబరు మొదటి సోమవారం నేను ఆ గదిలో పేపర్లు దిద్దుకుంటున్నాను. దీప గుమ్మం అవతల నిలబడింది.

"ఈ వారం మా బాపు నైట్ షిఫ్టు. రాసుకోండ్రి."

అనసూర్య గబగబా కుర్చీలో కూర్చుని టైపు చేసింది. "రాసిన బిడ్డా."

"సూపియ్యుండ్రి."

లోపలికి వచ్చింది. స్క్రీన్ మీద తన పేరు మీద వేలు పెట్టి, ఒక్కో గడీ దాటుకుంటూ, నైట్ అని రాసి ఉన్న గడి దాకా తీసుకెళ్లింది. పక్క వరుసలోకి జారిపోకుండా మెల్లగా తీసుకెళ్లింది. రెండోసారి కూడా అలాగే చేసింది.

"మల్ల సోమవారం గూడ నేనే అచ్చి చెప్త" అని వెళ్లిపోయింది.

అనసూర్య కుర్చీలోంచి లేవలేదు. బెల్లు కొట్టినా లేవలేదు. ఆ పీరియడ్ ఆమె క్లాసు నేనే తీసుకున్నాను.